గాజు తొట్టిలో సముద్రపు నాచు: మన చెరువులకూ అదే పాఠం

కోలారు జిల్లాకు సముద్రం లేదు. ఏడాది పొడవునా పారే నది కూడా లేదు. పాలారు మన జిల్లా గుండానే పోతుంది గానీ, ఎక్కువ రోజులు అందులో ఇసుకే కనిపిస్తుంది. మన కేజీఎఫ్ సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉంది. అలల చప్పుడు వినాలంటే బంగారుపేట వెళ్లి చెన్నై రైలెక్కాలి.

అలాంటి ఊళ్లో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. సముద్రపు ఉప్పు మిశ్రమం ప్యాకెట్లలో దొరుకుతోంది. ఎల్ఈడీ దీపాలు చౌక అయ్యాయి. బెంగళూరు వంద కిలోమీటర్ల దూరమే. అయితే ఈ వ్యాసం కేవలం ముచ్చట కోసం తొట్టి పెట్టుకునేవారికి మాత్రమే కాదు. ఉప్పునీటి తొట్టిలో దీపం కింద నాచు పెంచి నీటిని శుభ్రం చేసే పద్ధతి ఒకటుంది. దాని పేరు రెఫ్యూజియం. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో అర్థమైతే, 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీటితో నిండుతున్న మన చెరువుల్లో ఏం జరుగుతోందో కూడా అర్థమవుతుంది. ముందు తొట్టి సంగతి చూద్దాం, తర్వాత చెరువు దగ్గరికి వద్దాం.

రెఫ్యూజియం అంటే ఏమిటి?

ఆ మాటకు అర్థం ఆశ్రయం, తలదాచుకునే చోటు. చేపలు తిరిగే పెద్ద తొట్టికి అనుబంధంగా, ఎక్కువగా దాని కిందనే, ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. దాన్ని అక్వేరియం వాళ్లు సంప్ అంటారు. మన ఇళ్లలో సంప్ అంటే నేలలో కట్టుకునే నీళ్ల తొట్టి కాబట్టి ఇక్కడ పొరబడకండి. పై తొట్టి నీరు ఈ చిన్న తొట్టిలోకి దిగుతుంది, పంపు దాన్ని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. ఆ చిన్న తొట్టిలో ఒక అర వేరు చేసి, అందులో సముద్రపు నాచు వేసి, పైన దీపం పెడితే అదే రెఫ్యూజియం. చేపలు అక్కడికి రావు కాబట్టి కంటికి కనీకనిపించని రొయ్యజాతి పురుగులు నాచులో భయం లేకుండా పెరుగుతాయి. కొన్ని పంపు వెంట పైకి పోయి చేపలకు మేత అవుతాయి. ఆ పేరు వచ్చింది అందుకే.

దీని అవసరం ఎందుకొచ్చింది? చేపలకు మేత వేస్తాం. అవి తిన్నది కొంత, మిగిల్చింది కొంత, విసర్జించింది కొంత నీటిలోనే ఉంటుంది. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. మేతలోని భాస్వరం ఫాస్ఫేటు రూపంలో తేలుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు పేరుకుపోయినప్పుడు పై తొట్టి అద్దాల మీద, రాళ్ల మీద పాచి పడుతుంది. ఆ పాచి మనకు అక్కరలేని చోట పెరగకుండా, మనం చూపించిన చోట పెరిగేలా చేయడమే రెఫ్యూజియం చేసే పని. పొలంలో కలుపుకు పోయే ఎరువును పైరుకు మళ్లించడం లాంటిదే ఇది.

వెలుగు: ఎంత, ఎలాంటిది, ఎప్పుడు

నాచుకు వేళ్లు లేవు. నీటిలో కరిగిన పోషకాలను ఒళ్లంతా పీల్చుకుంటుంది. ఆ పీల్చడానికి శక్తి వెలుగు నుంచి రావాలి. దీపం బలహీనంగా ఉంటే నాచు చావదు గానీ పెరగదు. పెరగని నాచు నీటి నుంచి ఏమీ తీసుకోదు.

రంగు విషయానికొస్తే, ఆకుపచ్చ నాచులోని పత్రహరితం నీలి, ఎరుపు కాంతులను బాగా పట్టుకుంటుంది. అందుకే మొక్కల కోసం అమ్మే గ్రో లైట్లు గులాబీ రంగులో మెరుస్తాయి. అవే కావాలని లేదు. 3,000 నుంచి 6,500 కెల్విన్ల మధ్య ఉండే మామూలు తెల్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు కూడా పని చేస్తుంది. పగడాల కోసం అమ్మే బాగా నీలి దీపాలు చూడ్డానికి బాగుంటాయి గానీ నాచు కోసం వాటి మీద డబ్బు పెట్టక్కర్లేదు.

బలం ఎంత ఉండాలి? మొక్కకు పనికొచ్చే కాంతిని కొలవడానికి పార్ అనే కొలత ఉంది. నాచు ఉన్న చోట అది 100 నుంచి 200 మధ్య ఉంటే సరిపోతుంది. పార్ మీటరు ఖరీదైనది. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంటే, తెల్ల ఎల్ఈడీ కింద వచ్చిన అంకెను సుమారు 70తో భాగించండి. 10,000 లక్స్ వస్తే పార్ 140 చుట్టూ ఉన్నట్టు. ఇది మోటు లెక్కే అయినా ఇంటి అవసరానికి చాలు. పోలిక కోసం చెప్పాలంటే, మిట్టమధ్యాహ్నం మన ఎండలో ఇదే అంకె 2,000 దగ్గరకు పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చెరువు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇరవై, ముప్పై లీటర్ల అరకు 20 వాట్ల దీపం చాలా సందర్భాల్లో సరిపోతుంది. రోజుకు 14 గంటలు వెలిగిస్తే నెలకు ఎనిమిదిన్నర యూనిట్ల లోపే కరెంటు. శివనసముద్రం జలవిద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద 1902లోనే మన గనులకు చేరింది. దేశంలో చాలా పట్టణాలకన్నా ముందే దీపం చూసిన ఊరు మనది. ఇప్పుడు కావలసిందల్లా ఆ కరెంటు ఆగిపోకుండా పంపుకు ఒక చిన్న ఇన్వర్టరు. కరెంటు పోతే దీపం కొన్ని గంటలు లేకపోయినా నష్టం లేదు, పంపు ఆగితే మాత్రం చేపలకు ఊపిరాడదు.

ఇక ఎప్పుడు వెలిగించాలి అన్నది ముఖ్యమైన సంగతి. వెలుగున్నంతసేపు నాచు బొగ్గుపులుసు వాయువు తీసుకుని ప్రాణవాయువు ఇస్తుంది. చీకటి పడితే అది కూడా మనలాగే ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఆ వాయువు నీటిలో కరిగి ఆమ్లంగా మారుతుంది కాబట్టి తెల్లవారుజామున తొట్టి నీటి పీహెచ్ బాగా పడిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు దీనికి ఒక ఉపాయం చేస్తారు. పై తొట్టి దీపం ఆరిపోయే వేళకు కింది నాచు దీపం వెలిగేలా టైమరు పెడతారు. పైన పగలు, కింద రాత్రి. పైన రాత్రి, కింద పగలు. అలా చేస్తే పీహెచ్ ఊగిసలాట తగ్గుతుంది, రాత్రిపూట ప్రాణవాయువు కొరత రాదు. పన్నెండు గంటలతో మొదలుపెట్టి, పెరుగుదల చూసి పద్నాలుగు, పదహారు వరకు పెంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఉప్పునీటి తుంపర కరెంటుకు దారి ఇస్తుంది. దీపాన్ని నీటికి మరీ దగ్గరగా వేలాడదీయకండి. ప్లగ్గులోకి పోయే వైరు కిందికి ఒక వంపు తిరిగి పైకి పోయేలా పెట్టండి, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. షాక్ కొట్టగానే కరెంటును కత్తిరించే బ్రేకరు ఇంట్లో లేకపోతే, తొట్టి కొనే ముందు దాన్ని పెట్టించండి.

ఏ నాచు మంచిది?

కొత్తవారికి అందరూ చెప్పేది కీటోమార్ఫా. గిన్నెలు తోమే పచ్చ పీచులా చిక్కుపడి ఉంటుంది. దేన్నీ పట్టుకుని పెరగదు, ఉండలా తేలుతుంది. నీరు దాన్ని మెల్లగా దొర్లిస్తుంటే అన్ని వైపులా వెలుగు తగులుతుంది. కోయడం సులువు, గుప్పెడు లాగి తీసేస్తే అయిపోయింది.

గ్రాసిలేరియా ఎర్రటి కొమ్మల నాచు. మిఠాయిల్లో వాడే చైనా గ్రాస్ ఇలాంటి ఎర్ర నాచుల నుంచే వస్తుంది. కొన్ని చేపలు దీన్ని ఇష్టంగా తింటాయి. ఉల్వా పలచని ఆకులా ఉంటుంది, పోషకాలు ఎక్కువగా ఉంటే వేగంగా పెరుగుతుంది.

కాలెర్పా చూడ్డానికి అందంగా ఉంటుంది. మీటర్ల పొడవు పాకినా అదంతా ఒకే కణం కావడం దీని వింత. కానీ జాగ్రత్త అవసరం. ఒక్కోసారి అది ఉన్నట్టుండి తెల్లబడి, తనలోని సారమంతా విత్తన కణాలుగా నీటిలోకి వదిలేసి చచ్చిపోతుంది. నెలల తరబడి పీల్చిందంతా ఒక్క రాత్రిలో తిరిగి నీటిలో కలుస్తుంది. నాచులో దాచింది బయటికి తీయకపోతే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

ఏ నాచు తెచ్చినా ముందు ఉప్పునీటిలో కడిగి, వేరే గిన్నెలో కొన్ని రోజులు ఉంచి చూడండి. అక్కరలేని పురుగులు, పీతలు వెంట వస్తాయి. నాచును దుకాణం నుంచో, తొట్టి పెంచేవారి నుంచో తెచ్చుకోండి. సముద్రానికి వెళ్లినప్పుడు రాళ్లతో సహా పెరుక్కు రావద్దు. మన దేశంలో పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. తీరం నుంచి తెచ్చే రాయికి పగడం అంటుకుని ఉంటే అది నేరమే.

బోరు నీళ్లతో మొదలుపెట్టొద్దు

మన జిల్లాలో చాలామంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. కోలారు జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడు సమస్య అందరికీ తెలిసిందే. చాలాచోట్ల నైట్రేటు కూడా ఎక్కువే. ఆ నీటిలో ఉప్పు కలిపి తొట్టి నింపితే, నాచు తీయాల్సిన మలినాన్ని మనమే మొదటి రోజున పోసినట్టు. తొట్టిలో ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పూ నైట్రేటూ ఆవిరి కావు. రోజూ ఆవిరైనంత బోరు నీరు పోస్తూ పోతే ఆ మలినాలు పోగుపడుతూనే ఉంటాయి. అందుకే ఆర్వో నీరు వాడాలి, వీలైతే దాని తర్వాత డీఐ గొట్టం గుండా కూడా పంపాలి.

ఉప్పు కొలత లీటరుకు సుమారు 35 గ్రాములు. సాంద్రత కొలిచే పరికరంలో 1.025 చూపించాలి. వేడి 24 నుంచి 26 డిగ్రీలు. డిసెంబరు రాత్రుల్లో మన ఊళ్లో చలి 15 డిగ్రీల దగ్గరకు దిగుతుంది కాబట్టి హీటరు కావాలి. ఏప్రిల్‌లో నీటి మీదుగా చిన్న ఫ్యాను.

ఇంకో సంగతి. నాచుకు నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ కావాలి. సముద్రపు నాచుల్లో సగటున ఒక పాలు భాస్వరానికి ముప్పై పాళ్లు నత్రజని ఉంటుందని 1983లో అట్కిన్సన్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు లెక్క చెప్పారు. నీటిలో నైట్రేటు పూర్తిగా అయిపోయి ఫాస్ఫేటు మిగిలితే నాచు పెరగడం ఆగిపోతుంది, ఫాస్ఫేటు అలాగే ఉండిపోతుంది. ఇనుము కూడా కొద్దిగా కావాలి. దీపం బాగుంది, నీరు బాగుంది, అయినా నాచు పాలిపోతోందంటే ఈ మూడింటిలో ఏదో కరువైందని అర్థం.

కోస్తేనే శుద్ధి

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. నాచు నీటిని శుభ్రం చేయదు. నీటిలోని మలినాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది, అంతే. ఆ నాచును కోసి బయట పారేసిన రోజే మలినం తొట్టి నుంచి పోయినట్టు. కోయకుండా వదిలేస్తే లోపలి పొరలకు వెలుగు అందక కుళ్లి, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. 200 లీటర్ల తొట్టిలో నైట్రేటు లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మొత్తం నాలుగు గ్రాముల నైట్రేటు. అందులో నత్రజని దాదాపు 0.9 గ్రాములు. ఒక కిలో పచ్చి నాచులో నీరు పోగా మిగిలేది సుమారు 100 గ్రాములు, అందులో నత్రజని మూడు గ్రాముల దాకా ఉండొచ్చు. అంటే సుమారు 300 గ్రాముల పచ్చి నాచు కోసి తీస్తే ఆ నైట్రేటు పోతుంది.

కానీ మేత రోజూ వేస్తాం కదా. రోజుకు ఒక గ్రాము మేత వేస్తే నెలలో రెండు గ్రాములకు పైగా నత్రజని తొట్టిలో చేరుతుంది. నాచు ఒక్కటే దాన్ని తీయాలంటే నెలకు 700 గ్రాములు కోయాలి. చేతనైనంత నాచు పెంచండి, కానీ ముందు మేత తగ్గించండి. లోపలికి వచ్చేదాన్ని ఆపకుండా బయటికి తీసేదాన్ని నమ్ముకుంటే ఎప్పుడూ వెనకబడే ఉంటాం.

తొట్టి నుంచి మురుగునీటికి

ఈ ఆలోచన ఇంటి తొట్టితోనే ఆగలేదు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త పగడపు దిబ్బను తొట్టిలో నిలబెట్టే ప్రయత్నం చేశారు. నీటిని శుభ్రంగా ఉంచడానికి వెలుగు కింద వలల మీద నాచు పెంచి, దాన్ని ఎప్పటికప్పుడు గీకి తీసేసే పద్ధతి కనిపెట్టారు. 1980ల మొదట్లో దానికి పేటెంటు కూడా వచ్చింది. తర్వాత అదే పద్ధతిని 1990ల్లో కాలిఫోర్నియాలోని ప్యాటర్సన్ పట్టణంలో పెద్ద ఎత్తున పరీక్షించారు. అక్కడ నాచుకు ఇచ్చింది సముద్రపు నీరు కాదు, రెండో దశ శుద్ధి అయిన ఊరి మురుగునీరు. వెలుగు దీపానిది కాదు, సూర్యుడిది. నాచు గీకినప్పుడల్లా దానితో పాటు నత్రజని, భాస్వరం బయటికి పోయాయి.

రెండో దశ శుద్ధి అయిన మురుగునీరు అనగానే మన పాఠకులకు కేసీ వ్యాలీ గుర్తొచ్చే ఉంటుంది.

ఇక మన చెరువులు

బెంగళూరు కోరమంగల, చెళ్లఘట్ట లోయల్లో శుద్ధి చేసిన నీటిని పైపుల్లో మన జిల్లాకు తెచ్చి చెరువులు నింపే పథకం ఇది. 2018 జూన్‌లో ఆ నీరు మొదట లక్ష్మీసాగర చెరువుకు చేరింది. పథకం రూపకల్పన ప్రకారం రోజుకు 440 మిలియన్ లీటర్లు, మొదట అనుకున్న చెరువులు 126. ఈ నీరు తాగడానికి కాదు, నేరుగా పొలాలకు పెట్టడానికీ కాదు. చెరువుల్లో నిలిపి భూగర్భ జలాలు పెంచడానికి. నీరు వచ్చిన కొద్ది వారాలకే నురగ కనిపించడం, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లడం మనందరికీ తెలుసు. ఎండిపోయిన బోర్లలో నీళ్లు పడ్డాయని సంతోషించిన రైతులున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపాలని మొదటి నుంచి అడుగుతున్నవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

రెండో దశ శుద్ధిలో కుళ్లే పదార్థం చాలావరకు పోతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు పూర్తిగా పోవు. వాటి కోసం ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. కాబట్టి చెరువుకు చేరే నీరు తేటగా కనిపించినా, అది మేత ఎక్కువైన తొట్టి నీటి లాంటిదే. పైన దీపమా, మన సూర్యుడు. అతి చిన్న రోజున కూడా పదకొండు గంటలకు తగ్గని పగలు. పోషకాలు ఉన్నాయి, వెలుగు ఉంది. ఇక ఏదో ఒకటి పెరిగి తీరుతుంది. అది పచ్చ పాచి కావచ్చు, గుర్రపు డెక్క కావచ్చు.

చెరువంతా గుర్రపు డెక్క కప్పేసిందంటే దాని కింద నీటికి వెలుగు అందదు, గాలి తగలదు. ప్రాణవాయువు తగ్గిపోతుంది. పచ్చ పాచి చిక్కబడిన చెరువులో పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఆ పాచే ప్రాణవాయువంతా పీల్చేస్తుంది. తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరిచి పైకి తేలడం అందుకే. తొట్టిలో అయితే టైమరు తిప్పి రాత్రి దీపం వెలిగిస్తాం. చెరువుకు ఆ వీలు లేదు.

పోనీ, తొట్టిలో చేసినట్టే మొక్కల్ని పెంచి, కోసి తీసేస్తే సరిపోదా? మళ్లీ లెక్క వేద్దాం. రోజుకు 440 మిలియన్ లీటర్లు, లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుంటే, చెరువుల్లోకి రోజూ చేరేది 4,400 కిలోలు. గుర్రపు డెక్కలో నీరే 95 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఒక కిలో పచ్చి మొక్కలో నత్రజని ఒకటిన్నర గ్రాము అనుకుందాం. ఆ నత్రజని మొత్తాన్ని మొక్కలతోనే తీయాలంటే రోజుకు దాదాపు 3,000 టన్నులు కోయాలి. పది టన్నుల లారీలు మూడు వందలు, ప్రతి రోజూ. చెరువు బురదలోని బ్యాక్టీరియా కొంత నత్రజనిని గాలిలోకి పంపేస్తుంది కాబట్టి అంత అవసరం ఉండకపోవచ్చు. కానీ భాస్వరానికి గాలిలోకి పోయే దారి లేదు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున వేసుకున్నా రోజుకు 440 కిలోలు. అది మొక్కలోకైనా పోవాలి, బురదలోకైనా దిగాలి.

ఈ లెక్క రెండు విషయాలు చెబుతోంది. ఒకటి, మొక్కలు నీటిని బాగు చేస్తాయిలే అని చెరువును వదిలేయడం కుదరదు. మేత తగ్గించినట్టే, పోషకాలను బెంగళూరులోనే తగ్గించి పంపాలి. మూడో దశ శుద్ధి అడగడం అత్యాశ కాదు, అది అంకెలు చెప్పే మాట. రెండు, చెరువులో పెరిగినదాన్ని తీయడం అందం కోసం చేసే పని కాదు. గుర్రపు డెక్కను గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకు దాని రసమంతా మళ్లీ చెరువులోకే జారుతుంది. చెరువు పరీవాహకం దాటించి దూరంగా తీసుకుపోతేనే తీసినట్టు.

ఇక్కడ మన పెద్దల పద్ధతి ఒకటి గుర్తు చేసుకోవాలి. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి బండ్ల మీద పొలాలకు తోలేవారు. నీరుగంటి తూము ఎత్తి నీళ్లు పంచడం ఎంత ముఖ్యమో, ఊరంతా కలిసి పూడిక తీయడం అంతే ముఖ్యం. చెరువు బురదలో దిగిన భాస్వరం అలా పొలానికి తిరిగి చేరేది. తొట్టిలో నాచు కోయడం అన్నా, చెరువులో పూడిక తీయడం అన్నా ఒకటే పని. ఏడాది పొడవునా నీరు నిలిచే చెరువులో ఇప్పుడు ఆ పని జరగడం లేదు, బురద చేరుతూనే ఉంది. మళ్లీ మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త తప్పదు. పట్టణ మురుగులో భార లోహాలు ఉండొచ్చు, గుర్రపు డెక్క వాటిని బాగా పట్టుకుంటుంది. ఆ మొక్కతో చేసిన ఎరువునైనా, పూడిక మట్టినైనా టమాటా తోటకో, కూరగాయల మడికో వేసే ముందు పరీక్ష చేయించాలి.

తొట్టిలోది చెరువులో వదలొద్దు

అక్వేరియం పెట్టుకునేవారికి చివరి మాట. విసుగొచ్చిందనో, చేప పెద్దదైందనో తెచ్చి చెరువులో వదలకండి. ఇప్పుడు మన చెరువులను కప్పేస్తున్న గుర్రపు డెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి పూల అందం కోసం ప్రపంచమంతా తిప్పిన మొక్క. తొట్టి అద్దాలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప జాతి ఆంధ్రప్రదేశ్ డెల్టా చెరువుల్లో చేరి దెయ్యపు చేప అని పేరు తెచ్చుకుంది. వలలు చింపి చేపల రైతులను ఏడిపిస్తోంది. కాలెర్పా జాతి ఒకటి 1984లో మొనాకో తీరంలో కనిపించి, ఆపైన మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలకు పాకింది. అది అక్కడి అక్వేరియం నుంచే బయటపడిందని భావిస్తున్నారు. ఉప్పునీటి నాచు మన మంచినీటి చెరువులో బతకకపోవచ్చు. మంచినీటి తొట్టి మొక్కలు, చేపలు మాత్రం బతుకుతాయి. కోసిన నాచును ఎండబెట్టి చెత్తలో వేయండి, ఉప్పు ఉంటుంది కాబట్టి పూలకుండీల్లో వేయకండి.

మన గ్రామసభల్లో అడగాల్సింది

మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఈ జిల్లాలో పాలు, పట్టు, టమాటా మీద బతుకుతున్నారు. 2001లో గనులు మూతపడ్డాక పనికోసం రోజూ బెంగళూరు రైలెక్కే కేజీఎఫ్ ఇళ్లూ ఈ నేల నీటినే తాగుతాయి. చెరువులోకి దిగింది బోరులోకి దిగుతుంది. కాబట్టి గ్రామసభలోనో, పంచాయతీలోనో మూడు ప్రశ్నలు అడుగుదాం. మన చెరువుకు వచ్చే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు ఎంత, ఎప్పుడు కొలిచారు? చెరువులో పెరిగిన గుర్రపు డెక్కను, బురదను ఎవరు, ఎన్నాళ్లకొకసారి, ఎక్కడికి తీసుకుపోతారు? చుట్టుపక్కల తాగునీటి బోర్లను ఎప్పుడు పరీక్షించారు?

ఇంట్లో చిన్న తొట్టి ఉన్నవారు పిల్లలకు ఒకసారి ఈ పని చేసి చూపించండి. నాచు కోయక ముందు నైట్రేటు కొలవండి, కోసి రెండు వారాలాగి మళ్లీ కొలవండి. పక్కన చెరువు నీటినీ ఒక సీసాలో తెచ్చి, మంచినీటికి పనికొచ్చే కిట్‌తో కొలవండి. ఆ రెండు అంకెలు చూసిన పిల్లలు పెద్దయ్యాక చెరువు గట్టు మీద నిలబడి ఏం అడగాలో ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు.